వంశధారలో చెరిసగం, నేరడి దగ్గర పేచీ

శ్రీకాకుళం జిల్లా హిరమండలం వైపు ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నా, ఎవరిది ఏ పార్టీయో పావుగంటలో తెలిసిపోతుంది. సైకిల్ వాళ్లకు ఓ బల్ల, ఫ్యాన్ వాళ్లకు ఓ బల్ల అన్నట్టే ఉంటుంది. వంశధార మీద ఏళ్లుగా కట్టాలనుకుంటున్న నేరడి బ్యారేజీ మాటెత్తితే మాత్రం రెండు బల్లల దగ్గరా ఒకటే జవాబు: "ఒరిస్సావోళ్లు ఒప్పుకోవాలి కదా!"

నిజానికి వాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. కలహండి కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార నీళ్లు చెరిసగమని 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలకూ ఒప్పందం కుదిరింది. అప్పుడు ఇక్కడ నీలం సంజీవరెడ్డి, అక్కడ బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రులు. ఇద్దరూ కాంగ్రెస్సే కాబట్టి పని తేలికైందంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కాగితం మీద నీళ్లు పంచుకోవడం సులువే, మునిగే భూమి దగ్గరకొచ్చేసరికే పీటముడి పడుతుంది. నేరడి దగ్గర అవతలి గట్టు ఒడిశాది. బ్యారేజీ కట్టాలంటే అక్కడ 106 ఎకరాలు కావాలి. మన పక్క ఒక మాదిరి ఊరికి ఉండే పొలం కూడా అంతకంటే ఎక్కువే.

ఆ సంగతి తేలేలోగా దిగువన గొట్టా బ్యారేజీ కట్టుకున్నాం. దాని ఎడమ కాలువ కింద లక్షా 48 వేల ఎకరాల ఆయకట్టు. అయితే అది నీళ్లు మళ్లించే బ్యారేజీయే, నిల్వ చేసేది కాదు. వరదొస్తే గేట్లు ఎత్తి సముద్రానికి వదలాల్సిందే.

తర్వాత ప్రభుత్వాలు మారుతూ వచ్చాయి. ఇక్కడ తెలుగుదేశం ఉన్నప్పుడు అక్కడ కాంగ్రెస్, ఇక్కడ కాంగ్రెస్ వచ్చేసరికి అక్కడ బిజూ జనతాదళ్. 2000 నుంచి 2004 దాకా ఇక్కడి తెలుగుదేశం, అక్కడి బీజేడీ ఢిల్లీలో వాజ్‌పేయి ప్రభుత్వం పక్షానే ఉన్నాయి. అప్పుడూ పని కాలేదు. అందుకే జెండాలు వేరు కావడమే అడ్డంకి అంటే నేను నమ్మను. పొరుగు రాష్ట్రానికి ఏదైనా ఇచ్చిన ముఖ్యమంత్రిని సొంత రాష్ట్రంలో ప్రతిపక్షం "అమ్మేశాడు" అంటుంది. ఆ భయం అన్ని పార్టీలకూ ఉంది.

వైఎస్ హయాంలో నేరడిని పక్కనపెట్టి, భామిని మండలం కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ తలపెట్టారు. నదికి అడ్డంగా గోడ ఉండదు, వరద పొంగినప్పుడు పక్క గట్టు మీదుగా కాలువలోకి నీరు దిగుతుంది. దానికీ ఒడిశా ఒప్పుకోక 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసింది. సుప్రీంకోర్టు చెప్పాక 2010లో ఈ నీళ్ల తగాదా తేల్చే ట్రిబ్యునల్ వచ్చింది. 2017 సెప్టెంబరు 13న తుది తీర్పు: నేరడి కట్టుకోవచ్చు, 115 టీఎంసీల్లో చెరిసగం. అంటే 1962 నాటి మాటే, 55 ఏళ్ల తర్వాత జడ్జీల నోట. కేసు సరిగా వాదించలేదని భువనేశ్వర్‌లో కాంగ్రెస్, బీజేపీ నవీన్ పట్నాయక్ ప్రభుత్వం మీద విరుచుకుపడ్డాయి. తీర్పు మీద ఇంకా వివరణలు కావాలంటూ సాగి, అది 2021 జూన్‌లో తేలింది.

రాజీ కుదరకపోతే ఏం చేస్తారో చూడాలంటే కొమరాడ మండలం వెళ్లాలి. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, 2022 దాకా విజయనగరమే. అక్కడ జంఝావతి మీద డ్యామ్ పూర్తిచేస్తే ఒడిశా పొలాలు మునుగుతాయి. అందుకు ఒప్పందం కుదరక, నదికి అడ్డంగా పెద్ద రబ్బరు సంచి పరిచారు. దాన్ని ఉబ్బిస్తే నీళ్లు ఆపుతుంది, వరదొస్తే కిందికి దించేస్తారు. 2006 జనవరి 1న ప్రారంభించారు. ఇంజనీర్ల తెలివికి దండం పెట్టాల్సిందే కానీ, అనుకున్న ఆయకట్టు అంతటికీ మాత్రం నీళ్లందలేదు.

2021 నవంబరు 9న జగన్ భువనేశ్వర్ వెళ్లి నవీన్ పట్నాయక్‌తో కూర్చున్నారు. నేరడి, జంఝావతి, సరిహద్దులో రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా గ్రామాలు, ఈ మూడూ మాట్లాడుకుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామన్నారు. ఆ ఇద్దరి పార్టీలూ 2024 జూన్ 4న, ఒకే రోజు, అధికారం పోగొట్టుకున్నాయి. ఇప్పుడు రెండు చోట్లా ఎన్డీయే ప్రభుత్వాలే. ఇవాళ ఆ 106 ఎకరాలు ఇస్తామంటే ఒడిశా అసెంబ్లీలో లేచి అడ్డుపడాల్సిన ప్రతిపక్షం, ఆనాడు చర్చలకు కూర్చున్న బీజేడీయే.