తిరుపతి పందుల గొడవ: పరీక్ష పట్టలేకపోయిన మనిషి

శివారు కాలనీల్లోకి పందుల్ని పట్టే లారీ వచ్చిందంటే తిరుపతిలో పాత పంచాయితీ మళ్ళీ మొదలు. పందుల వల్లే మెదడులో పురుగు చేరి పిల్లలకు ఫిట్స్ వస్తున్నాయని కాలనీవాళ్ళు. బతుకుదెరువు ఎత్తుకుపోతున్నారని, పంది తినే మురికిని అక్కడ వదిలిందెవరో అడగరేమని పెంపకందారులైన ఎరుకల కుటుంబాలు.

బద్దెపురుగు (టేప్‌వార్మ్) జీవితచక్రం బడి పుస్తకాల్లోనే ఉంది కాబట్టి ఒక్క మాటలో చెప్పుకుందాం: మనిషి కడుపులోని పురుగు పెట్టే గుడ్లు మలంతో బయటికొస్తాయి, అవి మింగిన పందిలోనో మనిషిలోనో పిల్లపురుగు ఉండే చిన్న సంచులు, అంటే తిత్తులు, ఏర్పడతాయి. ఈ గొడవకు ఆయువుపట్టు 1989లో ఉంది. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో విక్టర్ త్సాంగ్ బృందం, పురుగును ఎదిరించడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టే పరీక్ష ఒకటి ప్రకటించింది. పురుగు తిత్తిలోని గ్లైకోప్రోటీన్లను (చక్కెర అంటుకున్న ప్రోటీన్లను) విడదీసి ఒక పట్టీకి ఎక్కిస్తారు. దాన్ని రోగి సీరంలో (రక్తకణాలు తీసేసిన రక్తద్రవంలో) నానబెడితే, యాంటీబాడీలు అంటుకున్నచోట గీతలు తేలతాయి.

1992లో ఒక చిక్కుముడి విప్పడానికి ఈ పట్టీ తోడ్పడింది. న్యూయార్క్‌లో పంది మాంసం గడప కూడా తొక్కని సంప్రదాయ యూదుల ఇళ్ళలో నలుగురికి ఫిట్స్. పరీక్షిస్తే మెదడులో ఈ తిత్తులే. ఇంటిపని చేసేవాళ్ళను చూస్తే ఒకరి కడుపులో బద్దెపురుగు. ఆ ఇళ్ళలో పంది లేదు, పంది కూరా లేదు. పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల మీదుగా కంచంలోకి చేరాయి, అంతే. మన దగ్గర శాకాహారులకూ ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. పందిమాంసం సరిగా ఉడక్కుండా తింటే వచ్చేది కడుపులో పురుగు. మెదడు దాకా పోయేది గుడ్లు మింగితేనే.

అయితే మెదడులో రెండు, అంతకుమించి తిత్తులుంటే 94 శాతం మందిని పట్టిన ఆ పరీక్ష, ఒక్కటే ఉంటే 28 శాతం దగ్గర ఆగిపోయిందని 1991లోనే తేలింది. మన రోగుల్లో తరచూ కనిపించేది ఆ ఒక్క తిత్తే. పక్కనే రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో వైద్యులు రాజశేఖర్, చాందీ దీన్ని గుర్తించడానికి స్కాన్ ఆధారంగా నియమాలు పెట్టారు. ఇప్పటికీ చిత్తూరు పల్లెల నుంచి స్కానింగ్‌కి బస్సెక్కక తప్పదు.

కడుపులో పురుగున్నవాళ్ళను పట్టే యాంటీబాడీ పరీక్ష 1999లో వచ్చింది. దాన్నీ, తిత్తుల పరీక్షనూ కలిపి, వేలి రక్తంతో ఊళ్ళోనే చూసే కిట్‌ని జాంబియాలోని సిండా జిల్లాలో ప్రయత్నించారు. పురుగున్నవాళ్ళలో చాలామందిని అది వదిలేసింది.

పందుల్ని ఊరు దాటిస్తే చక్రం తెగుతుందనే మాటలో నిజం లేకపోలేదు. కానీ పురుగు మనిషి కడుపులో ఏళ్ళ తరబడి బతుకుతుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది. దానికి మందుంది. ఎవరికి ఇవ్వాలో వీధిలోనే తేల్చి చెప్పే పట్టీ మాత్రం ఇంకా తిరుపతికి రాలేదు, లారీ వస్తోంది.