మడుగులో అక్కర్లేని మంత్రం

1937 జనవరిలో సోవియట్ యూనియన్ జనాభా లెక్కలు తీసింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా అక్కడ చర్చిలు మూతపడుతున్నాయి, మతాచార్యులు జైళ్ళ పాలవుతున్నారు. అలాంటి దేశంలో, స్టాలిన్ ప్రభుత్వం పంపిన మనిషి గుమ్మంలో నిలబడి అడిగితే, పదహారేళ్ళు దాటినవారిలో సగానికి పైగా తాము విశ్వాసులమని చెప్పారు. ప్రభుత్వం ఆ లెక్కలనే తొక్కిపెట్టింది.

చదువూ సైన్సూ ఇంత పెరిగినా మతం ఎందుకు నిలిచి ఉంది? చదువు పెరిగితే అది తగ్గుతుందన్న అంచనా వెనక ఒక ఊహ ఉంది. మతమంటే పాతకాలపు తప్పుడు విజ్ఞానమని, అసలుది రాగానే అది తప్పుకోవాలని. ఉరుముకు కారణం తెలిశాక ఉరుముల దేవుడితో పనేమిటి? వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త చూసింది వేరు.

ఆ దీవులవారు రెండుచోట్ల చేపలు పట్టేవారు. తీరం లోపలి మడుగులో మొక్కల విషం కలిపితే చేపలు దొరికేవి. ప్రమాదమూ లేదు, ఉత్తచేతులతో తిరిగి రావడమూ లేదు. బయటి సముద్రంలో వేటకైతే ప్రాణాలకే భరోసా లేదు. మడుగు వేటకు వారు ఏ మంత్రమూ చదివేవారు కారు. సముద్రం వేటకు మాత్రం పెద్ద తంతే ఉండేది. మనుషులు వారే, తెలివితేటలూ అవే. పడవ కట్టడంలో ఆరితేరినవారు, మంత్రం చదివాం కదా అని తెడ్డు పక్కన పడేసినవారు కారు. మంత్రం పుట్టింది తెలివి లేక కాదు, తెలివి ఆగిపోయే చోట. సైన్సు ఆ హద్దును చాలా దూరం జరిపింది, చెరిపెయ్యలేదు. రోగమేమిటో స్కానింగ్ చెబుతుంది. ఆపరేషన్ గది బయట కూర్చున్నవారు ఆ గంటను ఎలా గడపాలో చెప్పదు.

ఇక మన బుర్ర తీరు ఒకటుంది. ‘జంతువులు ఊపిరి పీల్చుకోవడానికే చెట్లు ఆక్సిజన్ ఇస్తాయి’ వంటి తప్పుడు వాక్యాలను భౌతిక విజ్ఞాన శాస్త్రవేత్తల ముందుంచి, ఒప్పో తప్పో క్షణాల్లో తేల్చమన్నారు. తీరిగ్గా ఆలోచించే వ్యవధి దొరికిన తోటి శాస్త్రవేత్తల కన్నా వీరు ఎక్కువసార్లు అవునని తలూపారు. ప్రతిదానికీ ఒక ఉద్దేశం వెతికే అలవాటు చదువుతో పోదు, దాని అడుగున అణిగి ఉంటుంది. అయితే మతానికి ఇదే మూలమని తేల్చేసేవారితో నాకు పేచీ ఉంది. ఉద్దేశాలు వెతికే బుర్ర కథలు అల్లగలదు కానీ, జనాన్ని పోగుచేసి నిప్పుల మీద నడిపించలేదు.

స్పెయిన్‌లోని సాన్ పెద్రో మన్రికే గ్రామంలో ఏటా జూన్‌లో అదే జరుగుతుంది. పరిశోధకులు అక్కడివారి గుండె వేగాన్ని కొలిచారు. నిప్పుల మీద నడిచేవారి గుండెలు, గుంపులో నిలబడి చూస్తున్న వారి ఆత్మీయుల గుండెలు ఒకే లయలో లేచి పడ్డాయి. చూడవచ్చిన పరాయివారి గుండెల్లో ఆ పొంతన లేదు. దేవుడున్నాడా లేడా అన్న వాదం తేలాలని ఇక్కడ ఎవరూ ఎదురుచూడటం లేదు.

ఇంత చెప్పి మతం శాశ్వతమనడం తొందరపాటు. వైద్యానికీ ముసలితనానికీ ప్రభుత్వం పూచీపడే ఉత్తర ఐరోపాలో ప్రార్థనలకు వెళ్ళేవారు బాగా తగ్గారు. సముద్రం మడుగైన కొద్దీ మంత్రం సన్నగిల్లుతోందన్నమాట. న్యూజిలాండ్‌దీ అదే దారి. అక్కడి క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని 2011 ఫిబ్రవరిలో భూకంపం కూల్చింది, 185 మంది పోయారు. మిగతా దేశంలో విశ్వాసం తగ్గుతుండగానే, భూకంపం తాకిడికి గురైనవారిలో అది పెరిగింది. అలా కొత్తగా మతం పట్టినందువల్ల వారి ఆరోగ్యానికి ఒరిగిందేమీ కనిపించలేదు. కానీ ఆ దెబ్బ తిని, ఉన్న విశ్వాసాన్ని పోగొట్టుకున్నవారు మాత్రం తమ ఆరోగ్యం దిగజారిందన్నారు. మిగతా ఊళ్ళలో విశ్వాసం వదులుకున్నవారిలో అలాంటి మార్పు కనిపించలేదు.