గాలి వెదురుకు నేర్పిన ఈల

చిరంజీవులకు ఆశీస్సులు.

షడ్జమం (స) నెమలిది, పంచమం (ప) కోకిలది అని సంగీతం క్లాసులో చెప్పి ఉంటారు. నారదీయ శిక్ష అనే పాత సంస్కృత గ్రంథంలో ఉన్న మాటే అది. గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ, కొలతగా పనికిరాదు. కోకిల ఒకే శ్రుతిలో నిలిచి కూయదు. వరసగా కూస్తూంటే ఒక్కో కూతా ముందుదానికన్నా పైకి పోతుంది. ప్రకృతి నుంచి నేరుగా వాద్యం పుట్టిన తీరు తెలియాలంటే వెదురు పొద దగ్గరికి రండి.

గాలి వీచినప్పుడు బొంగులు రాసుకుని కిర్రుమంటాయి. పురుగు తొలిచిన రంధ్రం ఉన్న బొంగు మాత్రం ఈల వేస్తుంది. ఇలా మోగే వెదురును సంస్కృతంలో కీచకం అన్నారు. గుహల్లోంచి వచ్చే గాలి ఆ రంధ్రాల్లో నిండి, కిన్నరుల పాటకు శ్రుతి అందిస్తున్నట్టుందని కాళిదాసు కుమారసంభవంలో హిమాలయాన్ని వర్ణించాడు.

రంధ్రం ఉంటే చాలదు. గాలి దాని అవతలి అంచుకు తగిలి చీలాలి. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతూ బొంగులోని గాలిని కదిలించాలి. లోపలి గాలి ఎంత పొడవుంటే శ్రుతి అంత కిందికి దిగుతుంది.

బొప్పాయి ఆకు కాడతో చేసి చూడండి. కాడ బోలుగానే ఉంటుంది. పెద్దవాళ్లతో కోయించండి, ఎందుకంటే దాని పాలు చర్మానికీ కళ్లకూ మంట పుట్టిస్తాయి. కొసలు బాగా కడిగి, పాలు కారడం పూర్తిగా ఆగాకే నోటి దగ్గర పెట్టుకోండి. 18 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, అడుగు వేలితో మూసి, పై కొసను కింది పెదవికి ఆనించి అడ్డంగా ఊదండి. తిన్నగా లోపలికి ఊదితే ఉస్సుమనడమే తప్ప పలకదు. పలికాక వేలు తీయండి. అదే ముక్క దాదాపు పై స్థాయిలో మోగుతుంది.

ఆ మూసిన ముక్క స అనుకుంటే, 14.4 సెంటీమీటర్లది గ, 12 ప, 9 పై స. ప్రతిదీ ఈ లెక్క కన్నా అర సెంటీమీటరు ఎక్కువగానే కోసి, వింటూ కొద్దికొద్దిగా తగ్గించుకోండి. సన్న ముక్కా లావు ముక్కా కలిపితే శ్రుతి కుదరదు. పొట్టి ముక్కలకు లెక్క కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువే పట్టవచ్చు. మూతి దగ్గర గాలి కొంచెం బయటికి కూడా కదులుతుంది కాబట్టి.

మర్నాటికి కాడ వడలిపోతుంది. అంచు మెత్తబడి పలకదు. పచ్చి వెదురుదీ అదే గొడవ. ఎండుతూ కుంచించుకుపోతుంది. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందు ఎండి, బొంగు నిలువునా చీలుతుంది. అందుకే వేణువు చేసేవాళ్లు గణుపుల మధ్య దూరం ఎక్కువగా, గోడ పలచగా ఉన్న బొంగును ఏరి, నెలల తరబడి నీడలో ఆరబెడతారు. కర్ణాటక వేణువుకు ఊదే రంధ్రం ఒకటి, వేళ్లకు ఎనిమిది. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో వీటిని పొడుస్తారు. మొద్దు బరమాతో తొలిస్తే నార పెచ్చులు లేస్తుంది. ముందు చిన్న రంధ్రమే వేసి, ఊది చూసుకుంటూ పెద్దది చేస్తారు. పెద్దదయ్యేకొద్దీ ఆ స్వరం పైకి పోతుంది, మళ్లీ దించడం చాలా కష్టం.

చలికాలం ఉదయం వేణువు కాస్త దిగి పలికితే కంగారుపడి రంధ్రాలు గీకకండి. చల్లని గాలిలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది. కాసేపు వెచ్చని ఊపిరి ఊదాకే తంబూరాతో శ్రుతి సరిచూసుకోండి.

మీ తాతయ్య