ఐదో అధ్యాయం దాకా ఆగండి

పిల్లలూ,

‘ద క్యాచర్ ఇన్ ద రై’ ఇరవై పేజీలు చదివి పక్కన పడేశామని రాశారు. ‘కథ చెప్పే ఆ హోల్డెన్‌కి అందరూ తప్పే తాతయ్యా, ఒకటే సణుగుడు’ అన్నారు. అబద్ధమేం కాదు. మొదట్లో నాకూ వాడి మీద ఒళ్లు మండింది.

జె.డి. శాలింజర్ 1951లో తెచ్చిన నవల ఇది. హోల్డెన్‌కి పదహారేళ్లు. ఐదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పితే స్కూలు నుంచి పంపించేశారు. ఆ సంగతి ఇంట్లో తెలిసేలోపు న్యూయార్క్‌లో ఒంటరిగా తిరుగుతాడు. కథ అంతే, పెద్ద మలుపుల కోసం చూడకండి. తిట్లు మాత్రం బాగానే ఉంటాయి. వాటి వల్లే అమెరికాలో కొన్ని స్కూళ్లు ఈ పుస్తకాన్ని తీసేశాయి కూడా.

వాడి మాటలు వింటూనే, వాడు చేసే పనుల మీద ఓ కన్నేయండి. రైల్లో ఒక క్లాస్‌మేట్ తల్లి కలుస్తుంది. ఆ కుర్రాడంటే వీడికి పరమ అసహ్యం. అయినా ఆవిడతో, మీవాడికి మొహమాటం ఎక్కువండీ, క్లాసు లీడరుగా నిలబడమంటే సిగ్గుపడి వద్దన్నాడు అని కోతలు కోస్తాడు. అందరివీ దొంగ వేషాలని తిట్టిపోసేవాడు, ఒక తల్లి సంతోషం కోసం ఎంత హాయిగా అబద్ధాలాడుతున్నాడో! నేను పడీ పడీ నవ్వాను.

బాతుల గొడవ ఇంకోటి. చలికి సెంట్రల్ పార్కు చెరువు గడ్డకడితే అందులో బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీ డ్రైవర్లను అడుగుతాడు. ఒకాయనకు చిర్రెత్తి, బాతుల్ని వదిలేసి చేపల మీద వాదన పెట్టుకుంటాడు. ఓ రాత్రి వీడే వెళ్లి చీకట్లో వెతుకుతాడు. ఒక్క బాతూ కనిపించదు.

ఆ వెతుకులాట ఎందుకో ఐదో అధ్యాయం చదివితే కొంత తెలుస్తుంది. మీరు దానికి కాస్త ముందే ఆగిపోయారు. రూమ్మేట్ ఒక గదిని వర్ణిస్తూ వ్యాసం రాసిపెట్టమంటాడు. వీడేమో తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. ఆటలో ఊరికే నిలబడ్డప్పుడు చదువుకోవడానికి తమ్ముడు దాని నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఆ తమ్ముడు రక్త క్యాన్సర్‌తో పోయిన రాత్రి, పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీ కిటికీలన్నీ పిడికిలితో బద్దలుకొట్టాడు. ఇదంతా తన సణుగుడు గొంతుతోనే, పెద్ద విషయం కానట్టు చెప్పి ముందుకెళ్లిపోతాడు.

చెల్లెలు ఫీబీ దగ్గరికి వచ్చాక నాకు ఉత్తరం రాయండి. ఆ పిల్ల కోసం కొన్న గ్రామఫోన్ రికార్డు దారిలో పగిలిపోతుంది. ఆ ముక్కల్ని ఏం చేసిందో మీరే నాకు చెప్పాలి.

మీ తాతయ్య