జడ్జ్ డ్రెడ్ పెద్ద కథల్లో చివరి ర్యాంకు ఎవరిది?

బ్రిటిష్ కామిక్ 'జడ్జ్ డ్రెడ్' పెద్ద కథల్లో ఏది గొప్పదన్న తగవు ఎప్పటికీ తెగదు. ఏది నాసిరకం అనేసరికి మాత్రం మూడు పేర్లు తప్పకుండా వినిపిస్తాయి: 'సిటీ ఆఫ్ ద డామ్డ్', 'జడ్జ్‌మెంట్ డే', 'ఇన్‌ఫర్నో'. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

బ్రిటన్‌లో 2000 ఏడీ వారపత్రిక 1977 ఫిబ్రవరిలో మొదలైంది. రెండో సంచికలో డ్రెడ్ వచ్చాడు, భవిష్యత్తు నగరంలో పోలీసూ జడ్జీ తానే అయినవాడు. కథకుడు జాన్ వాగ్నర్, రూపమిచ్చిన చిత్రకారుడు కార్లోస్ ఎజ్‌క్వెరా. మామూలుగా వారం వారం చిన్న కథలే. అప్పుడప్పుడు మాత్రం నెలల తరబడి సాగే సీరియల్ వస్తుంది, దాన్నే మెగా-ఎపిక్ అంటారు.

ఈ కామిక్‌కు ఒక విచిత్రమైన నియమం ఉంది. మన క్యాలెండర్‌తో పాటే దాని క్యాలెండరూ నడుస్తుంది, 122 ఏళ్లు ముందుగా. మనకు ఏడాది గడిస్తే డ్రెడ్‌కూ ఒక ఏడు మీద పడుతుంది. పోయిన ఊరు పోయినట్టే. 1982లో ముగిసిన 'అపొకలిప్స్ వార్'లో డ్రెడ్ నగరం మెగా-సిటీ వన్ జనాభా 80 కోట్లలో సగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ యుద్ధంలో డ్రెడ్ నాశనం చేసిన శత్రునగరం ఈస్ట్-మెగ్ వన్ వాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత 'డే ఆఫ్ కేయాస్'లో పగ తీర్చుకున్నారు. కాబట్టి ఇక్కడ పెద్ద కథ విలువ అది ముగిశాక తెలుస్తుంది, తర్వాతి కథల్లో దాని మచ్చ మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి.

ఈ లెక్కన 'సిటీ ఆఫ్ ద డామ్డ్' (1984-85) చివరి ర్యాంకుకు రాదు. 2120లో నగరం నాశనమవుతుందని 1980 నాటి 'జడ్జ్ చైల్డ్'లో ఒక జోస్యం ఉంది. అదేమిటో చూడటానికి డ్రెడ్, అతీంద్రియ శక్తులున్న జడ్జీ ఆండర్సన్ భవిష్యత్తులోకి వెళ్తారు. అప్పటికి వాగ్నర్‌తో కలిసి రాస్తున్న అలన్ గ్రాంట్‌కు, వాగ్నర్‌కు కాలయానం మీదే విసుగొచ్చి 14 వారాలకే చుట్టేశారు. ఆ తొందర పేజీల్లో కనిపిస్తూనే ఉంటుంది. కానీ డ్రెడ్ కళ్లు పోయింది ఇందులోనే, యాంత్రిక నేత్రాలు వచ్చిందీ ఈ కథతోనే.

అసలు జారుడు తర్వాత మొదలైంది. 'ఓజ్' (1987-88) ముగింపు దగ్గర మాట కలవక వాగ్నర్, గ్రాంట్ విడిపోయారు. 1990లో జడ్జ్ డ్రెడ్ మెగజైన్ అనే విడి పత్రిక వచ్చాక వాగ్నర్ అటు మళ్లాడు. వారపత్రికలో డ్రెడ్ బాధ్యత గార్త్ ఎన్నిస్ చేతికొచ్చింది. అతను 1970లో పుట్టాడు, అంటే పాత్ర కంటే ఏడేళ్లే పెద్ద!

ఎన్నిస్ రాసిన 'జడ్జ్‌మెంట్ డే' (1992)లో సబ్బాత్ అనే మాంత్రికుడు ప్రపంచమంతటా శవాలను లేపుతాడు. శవాల పాలైన మహానగరాల మీద అణుబాంబులు వేయిస్తాడు డ్రెడ్. 20 భాగాలు, అవీ వారపత్రికలో కొన్ని, మెగజైన్‌లో కొన్ని. రెండూ కొంటేనే కథ పూర్తవుతుంది. అంతమంది చచ్చినా ఒక్క చావూ మనకు తగలదు. తన డ్రెడ్ కథల మీద తనకే పెద్ద తృప్తి లేదని ఎన్నిస్ తర్వాత ఒప్పుకున్నాడు.

నా చివరి ర్యాంకు మాత్రం 'ఇన్‌ఫర్నో'కే. 1993 వేసవిలో పత్రికను ఎనిమిది వారాలు కుర్ర రచయితలకు అప్పగించిన ప్రయోగంలో భాగంగా గ్రాంట్ మోరిసన్ మొదలుపెట్టిన 12 భాగాల కథ ఇది. నేరం చేసిన జడ్జీలను ఉంచే టైటన్ జైలు నుంచి తప్పించుకున్న మాజీ జడ్జీలు నగరాన్ని పట్టుకుంటారు. బొమ్మలు ఎజ్‌క్వెరావే, కాబట్టి చూడటానికి లోటు లేదు. కానీ డ్రెడ్ కథను నిలబెట్టే వెటకారమే ఇందులో లేదు. ఫైటింగుల మీద ఫైటింగులు, అంతే.

1994లో వాగ్నర్ 'వైల్డర్‌ల్యాండ్స్'తో తిరిగొచ్చాడు, అదీ అంతంతమాత్రమే. ఆ మరుసటేడు మొదలైన 'ద పిట్'లో యుద్ధం లేదు, శవాల దండు లేదు. లంచాలతో కుళ్లిపోయిన సెక్టర్ హౌస్ 301కి (జడ్జీల ఠాణా లాంటిది) డ్రెడ్‌ను అధికారిగా పంపించి, 30 వారాల పాటు అక్కడి మనుషుల కథ చెప్పాడు.