తుంటి మార్చకుండా నయం కాదా? మామ్మ ఉత్తరం

రాయగడ

చిరంజీవులైన నా ముగ్గురు పిల్లలకు మామ్మ ఆశీస్సులు.

"పాడైన తుంటి కీలు తీసి కృత్రిమ కీలు పెట్టే మార్పిడి ఆపరేషన్ తప్ప వేరే దారే లేదా మామ్మా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం వినబడదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దారులున్నాయి. అయితే తుంటి ఎందుకు పాడైందో, ఎంతవరకు పాడైందో తెలిస్తేనే మనకు ఏ దారి మిగిలిందో తెలుస్తుంది.

మన పెరట్లో రుబ్బురోలు చూశారుగా. తుంటి కీలూ అలాంటిదే. తొడ ఎముక తల పొత్రంలా గుండ్రంగా ఉండి, నడుము కింది ఎముకలో ఉన్న గుంటలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. వయసుతో ఆ పొర అరిగిపోతే నొప్పి వస్తుంది, కాలు పట్టేస్తుంది. నాది ఈ రకమే. రెండో రకంలో పొర బాగానే ఉంటుంది, దాని కింది ఎముకకే రక్తం అందక అది చచ్చిపోతుంది. డాక్టర్లు ఏవీఎన్ అంటారు. ఇది ఇరవై, ముప్పై ఏళ్ల వాళ్లకు కూడా వస్తుంది. నాకు దిగులంతా దీని గురించే.

ముందు నా సంగతి చెప్పేస్తాను. విశాఖ డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఇంకా కొన్నాళ్లు ఆగొచ్చన్నారు. రోజూ వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర: ఇవే నా మందులు. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కుడి కాలి మీద నిలబడినప్పుడు నడుము ఒరిగిపోకుండా కుడి తుంటి పక్క కండరాలు గట్టిగా లాగుతాయి. ఆ లాగుడు వల్లే కీలు మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు భారం పడుతుంది. కర్ర ఎడమ చేతిలో ఉంటే ఆ కండరాలకు పని తగ్గుతుంది. ఇంట్లో కమోడ్ పెట్టించాం, పీట మీద కూర్చోవడం మానేశాను. మజ్జిగౌరమ్మ గుడికి నెమ్మదిగా నడిచి వెళ్లి వస్తున్నాను.

నొప్పి మాత్రలు తక్కువ రోజులు, డాక్టరు చెప్పినంతే వేసుకోవాలి. ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. కానీ ఆ తర్వాత మూడు నెలల లోపు మార్పిడి ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. ఇక మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్‌తో అరిగిన తుంటి తిరిగి మొలుస్తుందని లక్షలు అడుగుతున్నారట. అమెరికా కీళ్ల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లో అరుగుదలకు ఆ ఇంజెక్షన్లు వద్దనే గట్టిగా చెప్పింది. వ్యాయామాన్ని మాత్రం అంతే గట్టిగా చేయమంది. మీ నాన్నకు కూడా ఈ ముక్క చదివి వినిపించండి.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, సికిల్ సెల్ ఉంది. మన ఒడిశా కొండ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎందరికో ఉంది. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. తొడ ఎముక తలకు వెళ్లే నాళాలు ముందే సన్నం, అందుకని అక్కడ దెబ్బ తొందరగా తగులుతుంది. ఆ పిల్లాడికి గజ్జలో నొప్పి మొదలయ్యాక తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎంఆర్ఐలో దొరికింది. తొడ ఎముక తల ఇంకా గుండ్రంగానే ఉంది కాబట్టి వాడికి దారులు మిగిలి ఉన్నాయి. ఎముకలో సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్ ఉంది. దాన్ని కోర్ డీకంప్రెషన్ అంటారు. అదీ అందరికీ పనిచేస్తుందని కాదు. సికిల్ సెల్ ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పరిశీలన 2006లో వచ్చింది. ఫిజియోథెరపీ ఒక్కటే చేసినవాళ్లకూ, దానితోపాటు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ సుమారు మూడేళ్ల తర్వాత పెద్ద తేడా కనబడలేదు. అందుకే వాడికి ముందు ఫిజియోథెరపీయే మొదలుపెట్టారు.

పుట్టుకతో తుంటి గుంట లోతు తక్కువగా ఉన్నవాళ్లకు, ఆ గుంట చుట్టూ ఎముక కోసి సరైన కోణానికి తిప్పి బిగించే ఆపరేషన్ ఉంది. 1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మొదలుపెట్టారు. అదీ పొర అరిగిపోకముందే చేయాలి.

తొడ ఎముక తల ఒకసారి కుంగి చదునైపోతే ఈ దారులు దాదాపు మూసుకుపోతాయి. అప్పుడు నూనెలు, కట్లు అంటూ తిరగకుండా మార్పిడి చేయించుకోవడమే మేలు. 2019లో పెద్ద లెక్కలు తీస్తే, మార్చిన తుంటుల్లో నూటికి 58 పాతికేళ్లు నిలిచాయి. నా వయసువాళ్లకు అది చాలు. ఇరవై ఏళ్ల పిల్లలకు మాత్రం మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. చిన్నవాళ్ల సొంత కీలును వీలైనంత కాలం కాపాడుకోవాలనేది అందుకే.

సికిల్ సెల్ పరీక్ష మీ ముగ్గురూ చేయించుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తాగుడూ, డాక్టరు చెప్పకుండా షాపులో కొనుక్కుని మింగే స్టెరాయిడ్ మాత్రలూ కూడా తుంటికి రక్తం అందకుండా చేస్తాయి. డాక్టరు రాసిన స్టెరాయిడ్ అయితే మీ అంతట మీరు ఆపేయకూడదు.

చిన్నోడా, క్రికెట్ ఆడాక మోకాలు నొప్పి పెడుతోందన్నావు. పిల్లల్లో తుంటి జబ్బు ఒక్కోసారి మోకాలి నొప్పిగా బయటపడుతుంది. ఈ వారంలోనే అమ్మను తీసుకెళ్లమను. డాక్టరు మోకాలు ఒక్కటే చూస్తే తుంటి కూడా తిప్పి చూడమని అడుగు. ఏమన్నారో సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామ్మ