తోటి స్టూడెంట్స్ రాతకి సాయం చెయ్యడం: కొత్త ట్యూటర్ల అపోహలు, అసలు వాస్తవాలు

ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్ మొదలయ్యే ముందు గుంటూరులో మా కాలేజీ లైబ్రరీలోని రైటింగ్ డెస్క్‌కి, అంటే స్టూడెంట్స్ రాసినవి తోటి స్టూడెంట్సే చదివి సాయం చేసే చోటికి, కొత్త ట్యూటర్లు వస్తారు, అందరూ సెకండియర్ థర్డియర్ పిల్లలే, వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చేది నేను. "అక్కా, నాకే సరిగ్గా రాదు, ఇంకొకళ్ళకి ఏం చెప్తాను" అనే భయం దాదాపు అందరికీ ఉంటది. అందుకే వాళ్ళు ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇంగ్లీషు మీద పూర్తి పట్టున్నోళ్ళే ట్యూటర్ అవ్వాలి.
వాస్తవం: రాసినోళ్ళకి ముందు కావాల్సింది శ్రద్ధగా చదివే ఒక మనిషి. లెక్చరర్ మార్కులెయ్యడానికి చదువుతారు, ఫ్రెండ్స్ అయితే "సూపర్ రా" అనేసి ఇచ్చేస్తారు, "ఇక్కడ నాకు అర్థం కాలేదు, నువ్వు ఏం చెప్దామనుకున్నావ్?" అని అడిగేవాళ్ళే దొరకరు. ఆ ప్రశ్న అడగడానికి మీకు పాండిత్యం అక్కర్లేదు. ఇదేం కొత్త పద్ధతి కూడా కాదు, న్యూయార్క్‌లో 1970లో సిటీ యూనివర్సిటీ తలుపులు అందరికీ తెరిచాక కాలేజీ రాతకి అలవాటు లేని పిల్లలు చాలామంది వచ్చారు, టీచర్లు సాయం చేస్తామన్నా మళ్ళీ క్లాసులాగే ఉందని వాళ్ళు దగ్గరికి రాలేదు, అప్పుడు బ్రూక్లిన్ కాలేజీలో కెన్నెత్ బ్రఫీ అనే ప్రొఫెసర్ స్టూడెంట్స్‌కే ట్రైనింగ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. తోటివాళ్ళు కాబట్టే వచ్చారు. రేపల్లె నుంచో సత్తెనపల్లి నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మన డెస్క్ దగ్గరికి రావడానికి కారణం కూడా అదే.

అపోహ: పేపర్ చేతికి రాగానే గ్రామర్ దిద్దడం మొదలెట్టాలి.
వాస్తవం: ఎక్కువ టైం వేస్ట్ అయ్యేది ఇక్కడే. బీకాం అమ్మాయి మిర్చి మార్కెటింగ్ మీద రిపోర్ట్ తెచ్చిందనుకోండి, మొదటి రెండు పేజీలూ గుంటూరు యార్డ్ ఎంత పెద్దదో, మిర్చి ఎన్ని దేశాలకి వెళ్తదో, నెట్‌లో అందరికీ దొరికేదే ఉంటది. మీరు ఆ రెండు పేజీల్లో ఆర్టికల్స్, కామాలు దిద్దుతూ కూర్చుంటే సెషన్ అయిపోద్ది, తీరా చూస్తే ఆ పేజీలు అసలు ఉండాల్సినవే కాదు. దానికి బదులు "నువ్వు స్వయంగా వెళ్ళి కనుక్కున్నది ఏంటమ్మా?" అని అడగండి. అప్పుడు చెప్తది, కోల్డ్ స్టోరేజ్ దగ్గర ఒక రైతుతో మాట్లాడానని, ధర లేదని సరుకు దాచుకుంటే నెలనెలా అద్దె పెరుగుతుంటే చివరికి వచ్చిన రేటుకే అమ్మేశాడని. రిపోర్ట్ అంతా అదే! ఎక్కడో నాలుగో పేజీలో ఒక్క లైన్‌లో ఉంది. "ఇప్పుడు నాకు చెప్పావ్ చూడు, అదే రాయి" అనండి, పెన్ను మాత్రం ఆ అమ్మాయి చేతిలోనే ఉండాలి.

పైన ఆ మాటలన్నీ తెలుగులోనే జరుగుతాయి, జరగాలి కూడా. డెస్క్ దగ్గర తెలుగు మాట్లాడకూడదనేది ఇంకో అపోహ. ఆలోచన తేలాక ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు.

అపోహ: తప్పులన్నీ మనమే సరిచేసి ఇస్తే ఎక్కువ సాయం చేసినట్టు.
వాస్తవం: అన్నీ మనమే దిద్ది ఇస్తే తర్వాతి పేపర్‌లో అవే తప్పులు వస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక్క తప్పు పట్టుకోండి. ఒకబ్బాయి "సిన్స్ సిక్స్ మంత్స్" అని రాశాడనుకోండి, ఆరు నెలల నుంచి అనే అర్థంలో. వ్యవధి అయితే ఫర్, మొదలైన తేదీ అయితే సిన్స్ అని ఒకటి రెండు చోట్ల చూపించి, మిగతావి నువ్వే వెతుకు తమ్ముడూ అని పేజీ వాడి వైపు తిప్పండి. ఎస్‌ఓపీల (ఫారిన్ యూనివర్సిటీలకి అప్లై చేసేటప్పుడు ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. విజయవాడ కన్సల్టెన్సీల చుట్టూ తిరిగిన పిల్లలు "చిన్నప్పట్నుంచి నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అని మొదలయ్యే రెడీమేడ్ కాపీ తెచ్చి కొంచెం మార్చివ్వమంటారు. మార్చకండి. ఏ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో, ల్యాబ్‌లో ఏం చేశాడో అడిగి కొత్తగా రాయించండి.

అపోహ: సిమిలారిటీ (మన రాతలో ఎంత వేరేచోట ఉన్నదానితో కలిసిందని సాఫ్ట్‌వేర్ చూపించే శాతం) 10 శాతం లోపు ఉంటే కాపీ కొట్టనట్టే.
వాస్తవం: థీసిస్‌లకి యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు, 10 నుంచి 40 వరకు అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది దాకా మళ్ళీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. కానీ సాఫ్ట్‌వేర్ చూసేది మాటలు కలిశాయా అని. ఇంకొకరి ఆలోచన మాటలు మార్చి రాస్తే దానికి దొరక్కపోవచ్చు, అయినా అది దొంగతనమే. ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయించడం నేర్పండి, చాలామంది చేసేది తెలియకే.

అపోహ: మార్కులు తగ్గితే తప్పు ట్యూటర్‌ది.
వాస్తవం: కాదు. పేపర్ వాళ్ళది, నిర్ణయం వాళ్ళది.

అపోహ: తెలియని ప్రశ్న అడిగితే పరువు పోద్ది.
వాస్తవం: "తెలీదు, పద చూద్దాం" అని డిక్షనరీ వాళ్ళ ముందే తెరవండి, వెతకడం ఎలాగో వాళ్ళకీ తెలుస్తది.

చివరిది, దీన్ని నేను అన్నిటికంటే గట్టిగా చెప్తా. ఫ్రెండ్స్‌మే కదా, డెస్క్‌కి వచ్చినవాళ్ళ డ్రాఫ్ట్ గురించి హాస్టల్లో మాట్లాడుకుంటే ఏమైంది అనుకుంటారు. వద్దు. తన ఇంగ్లీషు ఇలా ఉందని పక్క రూమ్‌లో తెలిసిందంటే ఆ పిల్ల మళ్ళీ డెస్క్ దగ్గరికి రాదు, తన ఫ్రెండ్స్‌ని కూడా రానివ్వదు.